టాస్క్ మేనేజర్‌లో 70 ఎస్‌వీసీహోస్ట్‌లు: అందులో దొంగది ఏది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే బాబాయ్ నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. "సాఫ్ట్‌వేర్ వాడివి కదరా, మన షాపులో సిస్టమ్ ఒకసారి చూడు. ఆన్ చేస్తే చాలు, ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది" అన్నాడు. నేను ఆఫీసులో రాసేది జావా కోడ్, కంప్యూటర్ రిపేర్లు కాదు అని చెప్పినా వినలేదు. బాబాయ్‌ది జిరాక్స్, నెట్ సెంటర్. ఊళ్లో జనం ఆధార్ కాపీలు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఉద్యోగాల అప్లికేషన్లు అన్నీ ఆ ఒక్క డెస్క్‌టాప్ మీదే. ఆయన బ్యాంక్ లాగిన్ కూడా అందులోనే.

టాస్క్ మేనేజర్ ఓపెన్ చేశా. వింతగా, తెరిచిన మరుక్షణమే ఫ్యాన్ నెమ్మదించింది. క్లోజ్ చేస్తే మళ్లీ మోత. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మన కంప్యూటర్‌తో దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసే కొన్ని మాల్వేర్లు టాస్క్ మేనేజర్ కనిపించగానే పని ఆపేస్తాయి, మనం వెళ్లిపోగానే మళ్లీ మొదలుపెడతాయి.

డీటెయిల్స్ ట్యాబ్‌లో చూస్తే ఎస్‌వీసీహోస్ట్ డాట్ ఈఎక్స్ఈ అనే పేరు 70కి పైగా ఉంది. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఎక్కువ మెమరీ తింటున్న దాన్ని చూసి "ఇదే" అనుకుని ఎండ్ టాస్క్ కొట్టా. వెంటనే వైఫై కట్ అయింది. బాబాయ్ అప్పటిదాకా ఎవరికో సగం నింపిన అప్లికేషన్ ఫారం కాస్తా పోయింది. నేను ఆపింది అసలు సిస్టమ్ ఫైల్‌ని!

ఇన్ని ఎందుకు ఉంటాయి?

ఎస్‌వీసీహోస్ట్ అంటే సర్వీస్ హోస్ట్. వైఫై, ఆడియో, విండోస్ అప్‌డేట్ లాంటి చాలా సర్వీసులు డీఎల్ఎల్ ఫైల్స్ రూపంలో ఉంటాయి. అవి సొంతంగా రన్ అవలేవు, వాటిని నడిపించేది ఈ ఫైలే. ఇదివరకు ఒక్కో ఎస్‌వీసీహోస్ట్‌లో చాలా సర్వీసులు కలిసి ఉండేవి. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలా సర్వీసులకు విడివిడిగా ఒక్కొక్కటి ఇచ్చారు. కాబట్టి 70 కనిపించడం వైరస్ లక్షణం కాదు, మామూలే. మాల్వేర్ రాసేవాళ్లకు ఈ పేరు నచ్చేది కూడా అందుకే. జాతరలో దొంగ దాక్కున్నట్టు, గుంపులో ఒకటి ఎక్కువుంటే ఎవరు లెక్కపెడతారు?

తొందరపడితే ఏమవుతుందో పెద్ద కంపెనీలే చూశాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఉన్న సిస్టమ్‌లలో అసలు ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనుకుంది. ఆ కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతూనే ఉండిపోయాయి, నెట్‌వర్క్ కూడా పోయింది. యాంటీవైరస్సే పొరబడిన చోట పేరు చూసి తీర్పు చెప్పడం మనవల్ల అయ్యే పని కాదు. పేరు కాదు, అడ్రస్ చూడాలి.

దొంగదాన్ని పట్టుకునే 4 పరీక్షలు

1. అడ్రస్: డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో 'ఇమేజ్ పాత్ నేమ్', 'కమాండ్ లైన్' టిక్ చేయండి. ఖాళీగా కనిపిస్తే టాస్క్ మేనేజర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేయండి. అసలుది సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్32 నుంచి రన్ అవుతుంది. 32 బిట్ కాపీ అయితే పక్కనే ఉండే సిస్‌వావ్64 నుంచి. యాప్‌డేటా, టెంప్, డౌన్‌లోడ్స్ నుంచి రన్ అవుతుంటే అది దొంగదే అనుకోండి.

2. స్పెల్లింగ్: వీ, సీ అక్షరాలను అటూ ఇటూ మార్చి ఎస్‌సీవీహోస్ట్ అని పెడతారు. ఓ అక్షరం బదులు సున్నా పెడతారు. చివర ఒక ఎస్ తగిలిస్తారు. ఒక్కో అక్షరం చదవండి.

3. కమాండ్ లైన్: అసలుదానికి పేరు తర్వాత ఒక హైఫన్, కే అక్షరం, ఆ తర్వాత సర్వీస్ గ్రూప్ పేరు ఉంటాయి. అవేమీ లేకపోతే అనుమానించాల్సిందే.

4. తల్లి ప్రాసెస్, సంతకం: మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉచితం. అందులో ఏ ప్రాసెస్‌ని ఏది మొదలుపెట్టిందో చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది. అసలు ఎస్‌వీసీహోస్ట్ సర్వీసెస్ డాట్ ఈఎక్స్ఈ కింద ఉంటుంది. ఆప్షన్స్‌లో 'వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్' ఆన్ చేస్తే డిజిటల్ సంతకం సరైనదో కాదో కూడా చెప్తుంది.

ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: "యూజర్ నేమ్ దగ్గర మీ పేరుంటే అది వైరస్" అని. విండోస్ 10, 11లలో మీ అకౌంట్ పేరుతో నడిచే నిజమైన సర్వీసులు కూడా ఉన్నాయి. దాన్ని నమ్మి డిలీట్ చేయకండి.

బాబాయ్ సిస్టమ్‌లో మొదటి పరీక్షకే దొరికిపోయింది. 70 సిస్టమ్32లో ఉంటే, ఒక్కటి యాప్‌డేటాలోని రోమింగ్ ఫోల్డర్ నుంచి నడుస్తోంది. స్పెల్లింగ్ కరెక్టే, సంతకం లేదు.

తీసేసిన విధానం

ముందు నెట్ ఆపేశాం. ఎండ్ టాస్క్ చేస్తే కాసేపటికి మళ్లీ లేచింది. అంటే దాన్ని లేపేది ఇంకోటి ఉంది. సిస్‌ఇంటర్నల్స్‌లోనే ఆటోరన్స్ అనే టూల్ ఉంది. నా ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చా. 'హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్' పెట్టి చూస్తే షెడ్యూల్డ్ టాస్క్స్‌లో అదే ఫోల్డర్ పేరు. అక్కడ టిక్ తీసేసి, ప్రాసెస్ ఆపి, ఆ తర్వాతే ఫైల్ డిలీట్ చేశా. ఈ వరుస ముఖ్యం.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మాల్వేర్ తన ఫోల్డర్‌ని అందులో చేర్చుకుంటే డిఫెండర్ అటు కన్నెత్తి చూడదు. ఇక్కడ ఏకంగా సీ డ్రైవ్ మొత్తం ఉంది! తీసేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాం. ఇది విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ.

ఎలా వచ్చిందని అడిగితే బాబాయ్ నసిగాడు. ఫోటోల సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్ ఎవరో కుర్రాడు వేసిచ్చాడట, "యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుద్ది" అన్నాడట. ఆ ఒక్క మాటకే తలుపు తీసి ఇచ్చినట్టు.

స్కాన్ క్లీన్ వచ్చింది, అయినా ఫార్మాట్ చేశాం

"ఏమీ లేదని వచ్చిందిగా, ఇంకా ఎందుకురా?" అన్నాడు బాబాయ్. ఎందుకంటే కొన్ని మాల్వేర్లు అసలు ఎస్‌వీసీహోస్ట్‌నే మొదలుపెట్టి, దాని మెమరీలో తమ కోడ్ నింపేస్తాయి. అప్పుడు అడ్రస్, సంతకం రెండూ సరిగ్గానే కనిపిస్తాయి. సినిమాలు చూసుకునే సిస్టమ్ అయితే క్లీన్ స్కాన్‌తో సరిపెట్టుకునేవాణ్ణేమో. కానీ ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వందల మంది ఆధార్ స్కాన్‌లు ఉన్నాయి. వాళ్లెవరూ ఆ క్రాక్ సాఫ్ట్‌వేర్‌కి ఒప్పుకోలేదు కదా.

డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రమే కాపీ చేసుకున్నాం, ఈఎక్స్ఈ ఫైల్ ఒక్కటి కూడా వద్దు. వేరే సిస్టమ్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ మళ్లీ వేశాం. బ్యాంక్, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్పించా. మీకు డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు బాబాయ్ రోజూ షాపు మూసేముందు జనం ఫైల్స్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తున్నాడు. ఫ్యాన్ మోత లేదు. ఆ రోజు పోయిన అప్లికేషన్ మాత్రం నాచేతే మళ్లీ మొదటినుంచి నింపించాడు.