అబిడ్స్ కుర్రాడి కథ తెర మీదికి రావాలి

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ను చాలా ఇళ్ళల్లో పెద్దాపిన్నా కలిసే చూశారు. మార్కుల గొడవ, లెక్కచూసి పెట్టే ఖర్చు, క్లాసులో అమ్మాయి మీద తొలి ఇష్టం, అన్నీ మనకు తెలిసినవే. తోటి అబ్బాయి మీద మనసుపడిన కుర్రాడు కూడా అలాంటి క్లాసులోనే ఏదో బెంచీలో కూర్చుని ఉంటాడు. అతని కథను అంతే శ్రద్ధగా చెప్పిన తెలుగు సిరీస్ నాకింతవరకూ కనబడలేదు. మన సినిమాల్లో అలాంటి పాత్ర ఎక్కువగా కామెడీ ట్రాకుకే పనికొచ్చింది.

నిజాయితీగా చూపించడమంటే ఏమిటో అర్థం కావాలంటే 1994లో అమెరికాలో వచ్చిన ‘మై సో-కాల్డ్ లైఫ్’ చూడాలి. అందులో రికీ అనే కుర్రాడు స్కూల్లో ఎక్కువసేపు అమ్మాయిల బాత్‌రూములోనే గడుపుతాడు. అబ్బాయిలవైపు వెళితే దెబ్బలు తప్పవని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఆ గది చూపిస్తే చాలు. క్రిస్మస్ రోజుల్లో అతనికి ఇల్లు లేకుండా పోతుంది. చివరికి ఒక టీచరు చేరదీస్తాడు. ఆ పాత్ర వేసిన విల్సన్ క్రూజ్‌ను కూడా, తాను గే అని చెప్పినందుకు, తండ్రి క్రిస్మస్ పూటే ఇంట్లోంచి పంపేశాడు. ఆ ఎపిసోడ్ చూశాకే తండ్రి మళ్ళీ కొడుకుతో మాట్లాడాడు. టీవీ సీరియల్ ఇంతపని చేయగలదు.

మన దేశంలో ‘మేడ్ ఇన్ హెవెన్’ (2019) సిరీస్ ఇంకాస్త కఠినమైన నిజం చెప్పింది. అందులో కరణ్ అనే పాత్ర స్కూలు రోజుల ఫ్లాష్‌బ్యాక్‌లో, అబ్బాయి మీద ఇష్టం సంగతి ఇంట్లో తెలిసిపోయాక, భయంతో తాను ఇష్టపడిన నవాబ్‌నే నలుగురి ముందు అవమానిస్తాడు. దెబ్బతిన్న పిల్లాడే కొట్టేవాడిగా మారడం చూపించారు కాబట్టే ఆ ఫ్లాష్‌బ్యాక్ నాకు అంత నిజమనిపించింది.

అయితే ఆ కథల్ని తెచ్చి హైదరాబాదు అబిడ్స్‌లో దింపితే అతకవు. బ్రిటన్ సిరీస్ ‘హార్ట్‌స్టాపర్’లో ఇద్దరు అబ్బాయిలు చేతులు పట్టుకోవడమే పెద్ద ఘట్టం. ఇక్కడ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూనో, జనవరిలో నాంపల్లి నుమాయిష్ రద్దీలోనో, ఇద్దరు కుర్రాళ్ళు భుజాల మీద చేతులేసుకుని నడిస్తే ఎవరూ తలెత్తి చూడరు. స్నేహితులనుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకడికే అది స్నేహం కంటే ఎక్కువైతే? పక్కవాడికి చెబితే ఆ చెయ్యి కూడా తీసేస్తాడేమోనన్న భయం, మన కథ అక్కడ మొదలవ్వాలి. అనుమానం పడేది చేతుల మీద కాదు, నడక మీద, గొంతు మీద, ఆటల పీరియడ్‌లో పక్కన నిలబడిపోయిన పిల్లాడి మీద. ‘తేడాగాడు’ అన్న మాట క్లాసులో అతని మీదే పడుతుంది. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఫోన్ ఉంటే, అందులో వెతికినవి చెరిపేయడం అతనికి రోజువారీ పని. అక్క పెళ్ళిలో చుట్టాలు “తర్వాత నీ వంతేరా” అంటే నవ్వి ఊరుకోవాలి.

చట్టం అతనికన్నా ముందే కదిలింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకెక్కిన సుప్రియో, అభయ్ హైదరాబాదు జంటే. 2023 అక్టోబర్ 17 తీర్పులో ఆ హక్కు దక్కలేదు గానీ, వాళ్ళ ముఖాలు మాత్రం ఊరంతా టీవీ వార్తల్లో చూసింది. వార్తల్లో పట్టినవాళ్ళు కథల్లో పట్టకపోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

తెలుగులో సిరీస్‌లు రాసేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఈ కుర్రాణ్ణి రాయండి, కానీ సానుభూతి కోసం చివర్లో చంపకండి. అతన్ని ఇంటర్ పాసవనివ్వండి, కాలేజీ సీటు కౌన్సెలింగ్‌కు వెళ్ళనివ్వండి, రెండో సీజన్‌కు బతికుండనివ్వండి.