మోడల్ సమాచారంతో ఫారాన్ని నింపడం: జాంగోలో ఇన్‌స్టెన్స్

కొత్త రికార్డు చేర్చడానికి ఖాళీ ఫారం సరిపోతుంది. ఉన్న రికార్డును సవరించడానికి అది చాలదు. ఒక విద్యార్థి చిరునామా మారిందనుకోండి. అతడు సవరణ పేజీ తెరవగానే పేరు, ఫోన్, పాత చిరునామా ఆయా గడుల్లో ముందే కనిపించాలి. మారినది ఒక్కటే దిద్దుకుంటాడు.

జాంగోలో ఈ పనికి మోడల్‌ఫారం అనే క్లాసు ఉంది. డేటాబేసు నుంచి ఆ విద్యార్థి రికార్డును తెచ్చి, ఫారం తయారుచేసేటప్పుడు ఇన్‌స్టెన్స్ అనే ఆర్గ్యుమెంటుగా ఇస్తే గడులు వాటంతట అవే నిండుతాయి. ఇనీషియల్ అనే మరో ఆర్గ్యుమెంటుతో కూడా గడులు నింపవచ్చు. కాని అది కనిపించే విలువలను మాత్రమే ఇస్తుంది, ఫారాన్ని ఏ రికార్డుకూ ముడివేయదు.

ఇంతవరకు ఎవరూ పొరబడరు. చిక్కు సబ్మిట్ నొక్కిన తరువాత వస్తుంది. బ్రౌజరు పంపేది మరొక రిక్వెస్టు. మొదట తయారుచేసిన ఫారం సర్వరుకు గుర్తుండదు. కాబట్టి అదే రికార్డును మళ్లీ తెచ్చి, వచ్చిన పోస్ట్ సమాచారంతో పాటు ఇన్‌స్టెన్స్‌గా మళ్లీ ఇవ్వాలి. ఇవ్వకపోతే సేవ్ పాత రికార్డును దిద్దదు, కొత్తదాన్ని సృష్టిస్తుంది.

నేను ప్రాక్టికల్స్ చూసే రోజుల్లో ఒక ప్రాజెక్టులో చిరునామా దిద్దిన ప్రతిసారీ ఒక కొత్త విద్యార్థి పుట్టుకొచ్చేవాడు. రోల్ నంబరు ఫారంలో లేదు కనుక అతడికి ఆ గడి ఖాళీ! నేనూ మొదట టెంప్లేటునే అనుమానించి ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను. ఫోన్ నంబరును యూనిక్‌గా ప్రకటించి ఉంటే తప్పు వెంటనే బయటపడేది: తన నంబరే తాను ఇచ్చినా "ఇది ఇప్పటికే ఉంది" అన్న అర్థంలో ఎర్రర్ వచ్చేది. ఇన్‌స్టెన్స్ ఇచ్చినప్పుడు ఆ తనిఖీ సొంత రికార్డును మినహాయిస్తుంది.

ఫీల్డ్స్ జాబితాలో సవరించదగినవాటినే రాయండి. అన్నీ అని రాస్తే, మీరు పేజీలో చూపని ఫీజు మినహాయింపు వంటి గడిని కూడా తెలిసినవాడు పోస్ట్‌లో చేర్చి పంపగలడు. దీనికి తిరగబడిన ఇబ్బంది మరొకటి ఉంది. తప్పనిసరి కాని చిరునామా గడి జాబితాలో ఉండి, టెంప్లేటులో చూపడం మరిచితే, డిఫాల్టు విలువ లేనప్పుడు పాత చిరునామా చెరిగిపోతుంది.

పేజీ చిరునామాలోని 41ని 42గా మారిస్తే ఏమవుతుందో కూడా పరీక్షించండి. పక్కవాడి వివరాలు గడుల్లో నిండి కనిపిస్తే మీ ప్రోగ్రాం ఇంకా పూర్తి కాలేదు. రికార్డును నంబరుతో పాటు లాగిన్ అయిన వ్యక్తితో కూడా జతచేసి వెతకాలి, రెండు రిక్వెస్టుల్లోనూ.