ఫ్లోరా కడుపులో దొరికినవి

బెర్లిన్‌లోని బోడె మ్యూజియంలో ఒక మైనపు స్త్రీ విగ్రహం ఉంది. నడుము వరకే ఉంటుంది. చేతులు విరిగిపోయాయి. తల కాస్త వంచి, పెదవుల అంచున సన్నటి నవ్వుతో ఎటో చూస్తూ ఉంటుంది. పేరు ఫ్లోరా, రోమన్ల పూల దేవత. దీన్ని చేసింది లియొనార్డో డా విన్చీయా కాదా అన్న తగాదా 1909లో మొదలై నూరేళ్లకు పైగా నడిచింది.

విగ్రహాన్ని కొన్నది విల్హెల్మ్ బోడె. బెర్లిన్ రాజ మ్యూజియాల అధిపతి. ఒక శిల్పాన్ని చూసి ఎవరి చేతి పనో చెప్పగల కన్నుగా యూరప్ అంతా ఆయన్ని గౌరవించేది. లండన్ నుంచి వచ్చిన ఫ్లోరా ముఖంలో ఆయనకు లియొనార్డో చిత్రాల్లోని నవ్వు కనిపించింది. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. లియొనార్డోదేనని అందరూ ఒప్పుకున్న శిల్పం ప్రపంచంలో ఒక్కటీ మిగల్లేదు. చిత్రంతో చిత్రాన్ని పోల్చవచ్చు. శిల్పాన్ని చిత్రాలతో మాత్రమే పోల్చి పేరు పెడితే, ఆ చిత్రాలు చూసి నేర్చుకున్నవాడెవడైనా అదే పోలిక తేగలడు కదా!

కొన్న కొద్ది నెలలకే లండన్ టైమ్స్ పత్రికలో ఇంకో పేరు వినిపించింది. రిచర్డ్ కాకిల్ లూకస్. 1800లో పుట్టి 1883లో చనిపోయిన ఇంగ్లిష్ శిల్పి, మైనంలోనూ దంతంలోనూ పని చేసినవాడు. ఆయన కొడుకు ఆల్బర్ట్ డ్యూరర్ లూకస్ అప్పటికి ఎనభై దాటిన ముసలాయన. ఒక వ్యాపారి ఒక చిత్రం చూపించి అలాగే మైనంలో చేయమన్నాడనీ, 1846లో తండ్రి చేశాడనీ, బోలుగా ఉన్న లోపలి భాగాన్ని కాగితాలతో, కర్ర ముక్కలతో కూరడంలో తానూ సాయపడ్డాననీ ప్రమాణం చేసి చెప్పాడు. ఆ మాటల్లో తండ్రిమీద మోసం మోపేది ఏదీ లేదు. చేయమన్నారు, చేశాడు.

బెర్లిన్‌లో విగ్రహాన్ని అడుగు నుంచి తెరిచి చూశారు. కర్ర ముక్కలు, కాగితాలు, గుడ్డ బయటపడ్డాయి.

అక్కడితో తేలిపోవాల్సింది. తేలలేదు. లూకస్ దీన్ని బాగు చేసి ఉంటాడనీ, ఆ కూరింది అప్పటిదనీ బోడె వాదించాడు. అసాధ్యమైన మాటేం కాదు, పాత విగ్రహాలకు మరమ్మతులు జరుగుతూనే ఉంటాయి. నాకు అభ్యంతరం మరోచోట. కొత్తది ఏం దొరికినా మరమ్మతు అనీ, పాతగా ఏం కనిపించినా లియొనార్డో అనీ అంటే, ఆ వాదాన్ని తప్పని చూపించగల సాక్ష్యం ఏదీ మిగలదు. లూకస్‌కు ఇంత పనితనం లేదని చూపించడానికి బోడె ఆయన పనుల పక్కన ఫ్లోరాను పెట్టి ప్రదర్శన ఏర్పాటు చేశాడు. పాత కళాఖండాలను చూసి మైనంలో బొమ్మలు చేయడం లూకస్‌కు అలవాటేనని చూసినవాళ్లకు తెలిసింది. బోడె 1929లో చనిపోయేదాకా మాట మార్చుకోలేదు.

ఇక మైనం. ఫ్లోరాలో తేనెమైనం కొంతే, ఎక్కువ భాగం స్పెర్మాసెటి. స్పెర్మ్ తిమింగిలం తలలో దొరికే తెల్లటి కొవ్వు పదార్థం అది. 18, 19 శతాబ్దాల్లో కొవ్వొత్తులకు విరివిగా వాడారు. పాత వస్తువుల్లోని కార్బన్‌ను బట్టి వయసు చెప్పే రేడియోకార్బన్ పరీక్షకు ఈ తిమింగిలమే చిక్కు తెచ్చింది. మొక్కలు గాలిలోని కార్బన్‌ను తీసుకుంటాయి, తేనెటీగ పూల మీద బతుకుతుంది, కాబట్టి తేనెమైనంలో ఆ కాలపు కార్బనే ఉంటుంది. సముద్రం లోతుల్లో కార్బన్ చాలాకాలం నిలవ ఉంటుంది. దాన్ని తిన్న జీవి పరీక్షలో అసలు వయసుకన్నా సుమారు 400 ఏళ్లు పాతదిగా కనిపిస్తుంది. లియొనార్డో 1519లో పోయాడు, లూకస్ చేశాడన్నది 1846లో. వాళ్లిద్దరి మధ్య దూరమే ఇంచుమించు ఆ పొరపాటంత! సముద్రపు వాటాను లెక్కలోకి తీసుకోకపోతే 19వ శతాబ్దపు బొమ్మ చక్కగా లియొనార్డో కాలానికి చేరిపోతుంది.

2021లో ప్రచురితమైన పరిశోధనలో శాస్త్రవేత్తలు ఈ రెండు మైనాల మిశ్రమానికి తగిన లెక్క కట్టారు. లూకస్‌దేనని తెలిసిన మరో మైనపు శిల్పాన్నీ పరీక్షించి పోల్చారు. ఫ్లోరా 18వ శతాబ్దానికి ముందుది కాజాలదని తేలింది. లియొనార్డో పేరు అక్కడితో పోయింది.

అయితే కార్బన్ కాలాన్ని చెబుతుంది, చేసినవాడి పేరు చెప్పదు. ఫ్లోరా లూకస్ చేతి పని అనడానికి ఇవాళ్టికీ గట్టి ఆధారం ఆ ముసలి కొడుకు మాటే. నేనూ చేయి వేశాను, లోపల ఇవి ఉంటాయి చూడండి అని తెరవకముందే చెప్పాడాయన. చూస్తే ఉన్నాయి.