చిన్న అక్వేరియానికి ఏ మీసాల చేప?

అక్వేరియం కొన్నవాళ్లకు దుకాణదారు ఆఖర్న ఓ నల్లచేపను కూడా కవర్లో వేసి ఇస్తాడు. "సక్కర్ ఫిష్ అండీ, అద్దానికి పట్టిన పాచి అంతా అదే తినేస్తుంది" అంటాడు. అప్పటికది వేలెడంతే ఉంటుంది. దక్షిణ అమెరికా నదుల్లోని టెరిగోప్లిక్తిస్ అనే ప్రజాతికి చెందిన చేప అది. బతికితే అడుగు దాటి పెరుగుతుంది, కొన్ని అడుగున్నర దాకా వస్తాయి. 2 అడుగుల తొట్టిలో వెనక్కి తిరగడానికైనా దానికి చోటు చాలదు. అప్పుడు చాలామంది చేసే పని, దగ్గర్లోని చెరువులో వదిలేయడం. ఒక ప్రాణాన్ని కాపాడామనే అనుకుంటారు పాపం. మన చెరువుల్లో, కాలువల్లో మత్స్యకారుల వలలు చింపుతున్న ‘దెయ్యం చేప’ అదే. ఒంటి నిండా ఎముక పలకలు, గట్టి ముళ్లు. సంతలో దాన్ని కొనేవారు లేరు. గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. నీటి నమూనాలోని డీఎన్ఏను బట్టి దీని జాడ పట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించారు. తూర్పు కనుమల్లోని చాలా జలాశయాలకు ఇది ఇప్పటికే చేరిపోయిందని ఆ పరీక్షల్లో తేలింది.

‘షార్క్’ పేరుతో అమ్మే వెండిరంగు పిల్లలదీ ఇదే కథ. అవి షార్కులు కావు, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో రైతులు టన్నులకొద్దీ పెంచే ఫంగస్ చేప పిల్లలు. మీటరు పైగా పెరిగే జాతిని గాజుపెట్టెలో పెట్టడం దాన్ని హింసించడమే.

అందుకే క్యాట్‌ఫిష్‌ను, అంటే మీసాల చేపను ఎంచుకునేటప్పుడు ఇవాళ అది ఎంత ఉందో చూడకూడదు, పూర్తిగా ఎదిగాక ఎంత ఉంటుందో అడగాలి. రెండోది, దాన్ని పనిమనిషిలా చూడడం మానుకోవాలి. ఏ చేపా తొట్టిని శుభ్రం చెయ్యదు. పాచి తిన్నా, అడుగున పడ్డ మేత తిన్నా తిరిగి మలం వేస్తుంది, మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చేది ఫిల్టర్‌లో స్థిరపడే బ్యాక్టీరియా. అవి కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొట్టి తెచ్చిన రోజే చేపల్ని వేస్తే అవి తమ అమ్మోనియాలో తామే ఉక్కిరిబిక్కిరవుతాయి.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి. అంచు దాకా నింపితే 57 లీటర్లు. ఇసుక, రాళ్లు పోగా 50 లీటర్లు మిగిలితే గొప్ప. అడుగున తిరిగే చేపలకు ఎత్తు కన్నా నేల వైశాల్యం ముఖ్యం కనుక, నిలువుగా అందంగా కనిపించే తొట్టి కన్నా పొడవాటిదే వాటికి మేలు.

ఇలాంటి తొట్టికి నేను ముందుగా చెప్పేది కోరిడోరాస్. వేలంత పొడవు, రెండు వరుసల ఎముక పలకలు, మూతి కింద చిన్న మీసాలు. వాలుగ, జెల్ల చూసిన మనకు ఇంత సాధువైన మీసాల చేప ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. ఆ మీసాల నిండా రుచి తెలిసే కణాలుంటాయి. ఇసుకలోకి మూతి దూర్చి, నోట్లోకి తీసుకున్న ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తూ మేత ఏరుకుంటుంది. దుకాణాల్లో అమ్మే రంగురంగుల పదునైన కంకర మీద దీన్ని పెంచితే మీసాలు అరిగి, పుండుపడి, చివరికి మొద్దుగా మిగులుతాయి. సన్నటి ఏటి ఇసుకను నీళ్లు తేటబడేదాకా కడిగి పరచండి. దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేస్తే బుడగలు వచ్చాయా, అందులో సున్నపు గుల్లలున్నాయన్నమాట. అది నీటి కఠినత్వాన్ని పెంచుతుంది, వద్దు.

కోరిడోరాస్ ఉన్నట్టుండి పైకి దూసుకొచ్చి గాలి గుటక వేసి కిందికి పోతుంటే కంగారు పడనక్కర్లేదు. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను అది పేగు గోడల ద్వారా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తక్కువైన నీళ్లలో బతకడానికి ప్రకృతి చేసిన ఏర్పాటిది. అదేపనిగా పైకి వస్తుంటే మాత్రం నీళ్లు చెడ్డాయని అర్థం.

మన ఎండల్ని మరిచిపోయి ఎంచుకునేవారే ఎక్కువ. 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర అది 7.5కి పడిపోతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో తొట్టి నీళ్లు 32 డిగ్రీలు చేరడం మామూలే. అందుకని కోరిడోరాస్‌లలో మచ్చల పెప్పర్డ్ కోరి మనకు నప్పదు. బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ సేకరించగా 1842లో జెనిన్స్ అనే ప్రకృతి పరిశోధకుడు శాస్త్రానికి పరిచయం చేసిన చేప అది. దాని సొంతగడ్డ చలికాలపు చల్లదనం ఉన్న లాప్లాటా నదీ ప్రాంతం. పాండా కోరిదీ చల్లటి నీళ్ల తత్వమే. వేడికి కాస్త తట్టుకునేవి బ్రాంజ్ కోరి, స్టెర్బాయి. ఏదైనా ఆరుకు తగ్గకుండా ఒకే జాతివి తెచ్చుకోండి, ఒంటరి కోరిడోరాస్ మూలన నక్కి దిగులుతో కృశిస్తుంది. తొట్టి ఇంకా చిన్నదైతే పిగ్మీ కోరి ఉంది. రెండున్నర సెంటీమీటర్లకు మించదు, తోటివాటితో గుంపుగా నీటి మధ్యలో ఈదుతుంది. 2024లో శాస్త్రజ్ఞులు కోరిడోరాస్ ప్రజాతిని విడదీసి కొన్నింటికి కొత్త పేర్లు పెట్టారు. దుకాణంలో మాత్రం పాత పేరే చెల్లుతుంది.

నిజంగా పాచి తినే చిన్న చేప కావాలంటే ఓటోసింక్లస్, 4 సెంటీమీటర్లు. అడవి నదుల్లో పట్టి తెచ్చినవే ఎక్కువ కనుక దారిలోనే ఆకలితో నీరసిస్తాయి. పొట్ట లోపలికి అతుక్కుపోయి ఉంటే కొనకండి. కొన్ని నెలలుగా నడుస్తున్న, పాచి పట్టిన తొట్టిలోనే వెయ్యాలి. పాచి అయిపోతే ఉడికించిన కీరా ముక్క, పాలకూర ఇవ్వాలి. మూతి మీద కొమ్మల్లాంటి కుచ్చులుండే బ్రిసిల్‌నోస్ ఇంతకన్నా గట్టిపిండం. 12 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, తొర్రలో గుడ్లను కాచేది మగచేపే. రెండున్నర అడుగుల తొట్టిలో ఒకటి చాలు, నానిన కొయ్యముక్క ఒకటి వెయ్యండి.

గ్లాస్ క్యాట్‌ఫిష్ అద్భుతంగా ఉంటుంది గానీ బెదురు ఎక్కువ, గుంపు కావాలి, చిన్న తొట్టికి తీసుకురాకండి.

మన దేశపుదే కావాలనేవారికి హరా జెర్డోనీ ఉంది. బ్రహ్మపుత్ర ప్రాంతపు చేప, 3 సెంటీమీటర్లు, ఎండుటాకులా కదలకుండా పడి ఉంటుంది. మన కడప కలివికోడికి ఇంగ్లీషులో ఏ జెర్డాన్ పేరుందో ఆయన పేరే దీనికీ ఉంది. రాత్రిపూట దీపం ఆర్పాకే మేతకు కదులుతుంది కనుక చురుకైన చేపల మధ్య పెడితే పస్తులుంటుంది. మీసాల చేపలు చాలావరకు ఇంతే, వాటికి మునిగే గుళికల మేత రాత్రే వెయ్యాలి.

చేపలకు జబ్బు చేసినప్పుడు వేసే రంగుమందులు వీటికి త్వరగా వికటిస్తాయి. పొలుసులు లేని చర్మం కదా. సగం మోతాదుతో మొదలుపెట్టాలి. కొనేటప్పుడు కూడా వలతో పట్టనివ్వకండి. భయపడగానే రెక్కల ముళ్లు బిగదీస్తాయి, అవి దారాల్లో చిక్కుకుంటే విరుగుతాయి. గ్లాసుతో నీళ్లతో సహా ముంచి తీయమని చెప్పి, ముల్లు గుచ్చుకుని కారిపోకుండా కవర్లో కవరు వేయించుకోండి.