షూబర్ట్ సిగ్గరి కాదు

ఈసారి గోడపత్రికకు నేను ఒక విదేశీ సంగీత నాటకం గురించి రాస్తున్నాను. దాని పేరు ‘లైలాక్ టైమ్’. లైలాక్ అంటే ఊదారంగు పూలు గుత్తులుగా పూసే చెట్టు. ఆ పూలు పూసే కాలంలో జరిగిన కథ అన్నమాట.

కథానాయకుడు నిజంగా బతికిన మనిషే. పేరు ఫ్రాంజ్ షూబర్ట్. పాటలకు బాణీలు కట్టేవాడు. ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరంలో 1797 జనవరి 31న పుట్టాడు. తండ్రి బడిపంతులు. గొంతు బాగుందని 1808లో రాజుగారి చర్చిలో పాడే పిల్లల్లోకి తీసుకుని హాస్టల్లో పెట్టారు. అవును, ఆయన కూడా మనలాగే హాస్టల్ పిల్లవాడే! 1812లో అన్నకు ఉత్తరం రాశాడు. మధ్యాహ్నం తిన్నాక ఎనిమిదిన్నర గంటలు ఆగితేగాని రాత్రి తిండి పెట్టరు, అదీ బాగుండదు, రొట్టె, యాపిల్ కొనుక్కోవడానికి నెలనెలా కొంచెం చిల్లర పంపమని. ఇది చెప్తే మా గదిలో అందరూ నవ్వారు. ఇంటికి కబురు పంపితే మనమూ ఇదే అంటాం గదా. సంగీతం రాసే కాగితం కూడా కొనుక్కోలేకపోతే స్పౌన్ అనే పెద్ద తరగతి స్నేహితుడు ఇచ్చేవాడు.

ఇక నాటకం కథ. షూబర్ట్ పేదవాడు, బాగా సిగ్గరి. లిలీ అనే అమ్మాయిని ఇష్టపడతాడు కానీ నోరు తెరిచి చెప్పలేడు. ప్రేమ పాట కట్టి, నా తరఫున నువ్వు పాడు అని స్నేహితుడు షోబర్‌ని అడుగుతాడు. షోబర్ పాడతాడు. లిలీ షోబర్‌నే ప్రేమిస్తుంది! షూబర్ట్‌కి చివరికి సంగీతం ఒక్కటే మిగులుతుంది.

ఈ నాటకం మొదట 1916లో వియన్నాలో జర్మన్ భాషలో ఆడారు. అప్పటికి షూబర్ట్ చనిపోయి 87 ఏళ్ళు. ఆయన బాణీలనే తీసుకుని హైన్రిష్ బెర్టే అనే ఆయన నాటకానికి కూర్చాడు. 1921లో అమెరికాలో ఇంకో పేరుతో, 1922 డిసెంబరులో లండన్‌లో ‘లైలాక్ టైమ్’ పేరుతో వచ్చింది. లండన్‌లో 626 సార్లు ఆడింది.

తర్వాత ఇంగ్లండులో ఔత్సాహిక నాటక సమాజాలు దీన్ని చాలా ఏళ్ళు ఆడాయి. ఔత్సాహికులు అంటే జీతానికి కాక ఇష్టంతో ఆడేవాళ్ళు. పగలు ఆఫీసులో, బడిలో, దుకాణంలో పని చేసి సాయంత్రం రిహార్సల్‌కి వస్తారు. ముందు పియానో దగ్గర నిలబడి పాటలు నేర్చుకుంటారు. తర్వాత మాటలు, నడక. పాత కాలం డ్రస్సులు అద్దెకు తెస్తారు. మాట మర్చిపోతే అందించడానికి తెర పక్కన ప్రాంప్టర్ ఉంటారు. పెద్ద గొంతు లేనివాళ్ళు కోరస్‌లో నిలబడతారు. అంటే అందరికీ చోటు ఉంటుంది.

నాకు ఇది సరిగ్గా కుదిరింది అనిపించింది. ఎందుకంటే షూబర్ట్ పాటలు మొదట బతికింది స్నేహితుల ఇళ్ళలోనే. సాయంత్రాలు అందరూ చేరితే ఆయన పియానో వాయించేవాడు, వాళ్ళు పాడేవాళ్ళు. 600కు పైగా పాటలు కట్టాడు. కానీ పూర్తిగా తన సంగీతంతో జనం ముందు పెట్టిన కచేరీ ఒక్కటే, 1828 మార్చి 26న. అదే ఏడాది నవంబరు 19న చనిపోయాడు. వయసు 31.

అయితే నాటకంలో ఒక మాట నాకు నచ్చలేదు. సిగ్గు వల్ల పెళ్ళి కాలేదని చూపిస్తారు. లిలీ కథ కల్పితం. నిజంగా ఆయన ఇష్టపడిన అమ్మాయి తెరేజా గ్రోబ్. 1814లో ఆయన కట్టిన చర్చి సంగీతంలో ఆమె పాడింది. షూబర్ట్ అప్పుడు తండ్రి బడిలో చిన్న జీతానికి పంతులు. 1816లో లైబాక్ అనే ఊళ్ళో సంగీతం పంతులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు, రాలేదు. సంసారం నడిపే ఉద్యోగం దొరకలేదు గనుక పెళ్ళి చేసుకోలేకపోయానని తర్వాత స్నేహితునితో చెప్పాడంట. 1820లో ఆమె రొట్టెలు కాల్చే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. అంటే అడ్డు వచ్చింది సిగ్గు కాదు, జీతం.

ఇది నేను ఎందుకు పట్టుకున్నానంటే, మనల్ని కూడా అందరూ ‘అడవి పిల్లలు, సిగ్గెక్కువ’ అంటారు. మా ఊళ్ళో ఒక అక్క పది పాసై ఇంటర్‌కి పోలేదు. సిగ్గుపడి ఆగిపోయింది అన్నారు. ఆమెకి బస్సు చార్జీకి డబ్బుల్లేవు, అంతే. అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు.

కాబట్టి మేడమ్ గారికి నా మనవి. ఎవరైనా పిల్ల పోటీకి రాను, టూరుకి రాను అంటే సిగ్గు అని రాసుకోకండి. పక్కకి పిలిచి ఏం తక్కువైందో అడగండి. నేస్తాలూ, మీరు కూడా మీ పాట ఇంకొకరి చేత పాడించొద్దు. గొంతు ఎలా ఉన్నా మీరే పాడండి. గొంతు చిన్నదైతే కోరస్‌లో నా పక్కన చోటుంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని