సూది బెజ్జం చాలు

హంపి విరూపాక్షాలయానికి వెళ్ళినవాళ్ళకి గైడ్లు తప్పకుండా ఒక గోడ చూపిస్తారు. గుడి వెనక భాగంలో చీకటి గది, దానికో చిన్న కంత. ఆ కంతలోంచి వచ్చిన వెలుతురు లోపలి గోడ మీద తూర్పు గోపురాన్ని తలకిందులుగా చూపిస్తుంది. తొమ్మిది అంతస్తులతో దాదాపు 50 మీటర్ల ఎత్తున్న గోపురం, శిఖరం కిందికీ పునాది పైకీ తిరిగి, ఆ కాస్త జాగాలో ఇమిడిపోతుంది. చాలామంది దాన్ని గోపురం నీడ అనుకుంటారు. నీడంటే వెలుతురు పడని చోటు. ఇక్కడ గోడ మీద పడుతున్నది గోపురం నుంచి వచ్చిన వెలుతురే.

ఎండ పడిన గోపురం మీద ప్రతి చోటు నుంచీ వెలుతురు అన్ని వైపులకీ చెదురుతుంది. శిఖరం నుంచి బయల్దేరిన దానిలో కంత దూరి లోపలికి రాగలిగేది సన్నని పాయ మాత్రమే. అది సూటిగా దిగి గోడ అడుగున పడుతుంది. పునాది నుంచి వచ్చే పాయ పైకెక్కుతుంది. కుడివి ఎడమకి, ఎడమవి కుడికి పోతాయి. లెన్సు లేదు, అద్దం లేదు. ఇదే ఏర్పాటు అట్టపెట్టెలో చేస్తే పిన్‌హోల్ కెమెరా.

ఈ సంగతిని ప్రయోగం చేసి తేల్చినవాడు బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైతమ్. 11వ శతాబ్దం నాటి మాట. కంతకి ఎదురుగా కొన్ని దీపాలు వేరువేరు చోట్ల పెట్టాడు. చీకటి గదిలో అన్ని వెలుగు మచ్చలూ పడ్డాయి. ఒక దీపాన్ని మూసేస్తే దానికి సంబంధించిన మచ్చ ఒక్కటే పోయింది, మిగతావి చెక్కుచెదరలేదు. అన్ని దీపాల వెలుతురూ ఒకే కంతలోంచి దూరినా ఒకదాంతో ఒకటి కలిసిపోదని తేలింది. రాత్రి లైట్లు ఆర్పి, రెండు కొవ్వొత్తులతో పిల్లలు ఇప్పుడు కూడా ఇది చేసి చూడొచ్చు.

ఇక తయారీ. చెప్పుల పెట్టె లాంటిది ఏదైనా పనికొస్తుంది. లోపలంతా నల్లరంగు వేయండి. వేయకపోతే పక్క గోడల మీద పడిన వెలుతురు తిరిగొచ్చి బొమ్మని వెలవెలబోయేలా చేస్తుంది. పెట్టెకి ఒక వైపు కిటికీలా కోసి ట్రేసింగ్ పేపరు బిగించండి. ఎదుటి వైపు బెజ్జం ఉండాలి. అయితే అట్టకే సూది గుచ్చకండి. అట్ట మందంగా ఉంటుంది, గుచ్చినచోట పీచు లేచి బెజ్జం అంచు చెదిరిపోతుంది. కూల్‌డ్రింకు టిన్నులోంచి అంగుళం ముక్క కత్తిరించి, అట్ట మీద పరిచి, సన్నని కుట్టుసూదిని నిలబెట్టి, మెల్లగా తిప్పుతూ నొక్కండి. మొన అవతలికి పూర్తిగా దిగకూడదు, తొంగిచూస్తే చాలు. ముక్కని తిరగేస్తే అక్కడ చిన్న బొడిపె తగులుతుంది. దాన్ని సన్నని గరుకు కాగితంతో రుద్ది, సూదిమొనతో మళ్ళీ ఒకసారి శుభ్రం చేస్తే గుండ్రని బెజ్జం వస్తుంది. పక్కన స్కేలు పెట్టి ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి చూస్తే దాని కొలత తెలిసిపోతుంది.

తల మీద దుప్పటి కప్పుకుని ట్రేసింగ్ పేపరు వైపు నుంచి చూడండి. మొదట ఏమీ కనిపించదు. కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా ఆగాలి. ఆ తర్వాత ఎండలో ఉన్న చెట్టూ వీధీ రంగులతో సహా తేలతాయి, కదులుతాయి కూడా.

అసలు సైన్సంతా బెజ్జం కొలతలోనే ఉంది. పెద్దదైతే వెలుతురు దండిగా వస్తుంది కానీ పాయలు ఒకదాని మీదొకటి పడి బొమ్మ అలుక్కుపోతుంది. చిన్నది చేసేకొద్దీ స్పష్టత పెరుగుతుంది. అలా చిన్నది చేస్తూ పోతే ఇంకా ఇంకా స్పష్టం కావాలి కదా? కాదు. ఒక హద్దు దాటాక మళ్ళీ మసకబారుతుంది. వెలుతురు తరంగం కాబట్టి మరీ ఇరుకైన సందులోంచి పోతే అంచుల దగ్గర వంగి పక్కలకి విచ్చుకుంటుంది. వివర్తనం అంటే ఇదే. తగిన కొలత ఎంతో లార్డ్ రేలీ 1891లో లెక్కగట్టాడు. పెట్టె పొడవు 10 సెంటీమీటర్లైతే బెజ్జం దాదాపు 0.45 మిల్లీమీటర్లు, 20 అయితే 0.6కి కాస్త పైన. వెలుతురు సూటిగా పోతుందని చూపించిన పెట్టే, అది పూర్తిగా సూటిగా పోదని కూడా చూపిస్తుంది. ఈ రెండో పాఠాన్ని మన బడుల్లో పిల్లలచేత చేయించడం లేదన్నది నా ఫిర్యాదు. మూడు టిన్ను ముక్కలకి మూడు కొలతల బెజ్జాలు పెట్టి, ఒకే దృశ్యాన్ని మూడుసార్లు ఫొటో తీయిస్తే చాలు.

ఫొటోకి ట్రేసింగ్ పేపరు బదులు నలుపు-తెలుపు ఫొటో కాగితం పెట్టాలి. ఎర్రలైటు వెలుగులోనే దాన్ని అమర్చాలి. పైన చెప్పిన 10 సెంటీమీటర్ల పెట్టెకి మంచి ఎండలో అర నిమిషం నుంచి నిమిషం దాకా బెజ్జం తెరిచి ఉంచాలి. ఆ లోపు దాటిపోయిన బండ్లూ మనుషులూ ఫొటోలో పడరు. రద్దీ వీధి నిర్మానుష్యంగా వస్తుంది. బ్రిటన్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయపు బేఫర్డ్‌బరీ అబ్జర్వేటరీలో రెజీనా వాల్కెన్‌బర్గ్ అనే కళా విద్యార్థిని 2012లో బీరు టిన్నులో ఫొటో కాగితం పెట్టి కట్టింది. అది 2020 దాకా అలాగే ఉండిపోయింది. తీసి చూస్తే ఎనిమిదేళ్ళ సూర్య గమనం 2,953 గీతలుగా ఆ కాగితం మీద ఉంది.

సూర్యుణ్ణి కొలవడానికి ఇంకా తేలిక పద్ధతి ఉంది. బెజ్జంలోంచి వచ్చిన సూర్యబింబాన్ని మీటరు దూరంలో తెల్లకాగితం మీద పట్టి కొలిస్తే రమారమి 9 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే అడ్డుకొలత దూరంలో సుమారు 108వ వంతు. సూర్యుడు మనకి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి భాగిస్తే దాదాపు 14 లక్షల కిలోమీటర్ల వ్యాసం వస్తుంది. ఒక్క జాగ్రత్త: బెజ్జంలోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు. సూర్యుడికి వీపు పెట్టి కాగితం మీది బింబాన్నే చూడాలి. పిల్లలకి ఈ మాట ముందే గట్టిగా చెప్పండి.

ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినం. 2001 నుంచి జరుగుతోంది. ఆ రోజు ఇలాంటి పెట్టెతో తీసిన ఫొటోని ఏ దేశం వాళ్ళైనా పంపొచ్చు. మనకి అప్పుడు ఎండకి కొదవలేదు. ఈసారి మీ ఊరి బొమ్మ ఒకటి పంపండి.