అన్నం వండితే క్రిస్మస్

శుక్రవారం తెల్లవారకముందే కుందారపల్లి సంత నిండిపోతుంది. కృష్ణగిరి నుంచి హోసూరుకు పోయే పెద్ద రోడ్డు మీద వేపనపల్లి దారి కలిసే చోటు ఇది. ఆంధ్ర నుంచీ కర్ణాటక నుంచీ కూడా మేకలవాళ్ళు వస్తారు. కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు. తరువాత వెన్ను మీద బొటనవేలు నొక్కుతాడు. ఆఖరున రెండు చేతులా ఎత్తి దించుతాడు. కాటాతో పని లేదు, ఎంత మాంసం పడుతుందో ఆ చేతులకు తెలుసు.

"ఇంకో ఐనూరు ఎయ్యన్నా, పండగ దినమూ ఇంత బిగబడితే ఎట్ల?"

డిసెంబరు నెల. మేకలవాళ్ళు చెవులకు తువ్వాళ్ళు చుట్టుకుని టీ గ్లాసు మీద చేతులు కాచుకుంటున్నారు. హోసూరులో అంగళ్ళ ముందు ప్లాస్టిక్ చెట్లకు దూది అంటించి మంచు అంటున్నారు. ఆ దూది నాకు ఎన్నడూ నచ్చదు. మంచు కురవని ఊళ్ళో మంచు కోసం తిప్పలెందుకు? ఈ సంతలో నిలబడితే నాకు గుర్తొచ్చేది మంచు క్రిస్మస్ కాదు, భూమధ్యరేఖకు అవతల జింబాబ్వేలో చేసుకునే ఎండ క్రిస్మస్.

అక్కడ డిసెంబరంటే నడి వేసవి. వానలు మొదలై మొక్కజొన్న చేలు పచ్చబడి ఉంటాయి. మన తమిళనాడు రాష్ట్ర పుష్పం, మనం అడవినాభి అని పిలిచే ఆ అగ్గిరంగు పువ్వు జింబాబ్వేకు జాతీయ పుష్పం. పొదల్లో అది విచ్చుకునే కాలం కూడా ఇదే. దక్షిణాఫ్రికాలో గనులూ ఫ్యాక్టరీలూ నెల నడుమ నుంచే ఒక్కొక్కటిగా మూతపడతాయి. పొట్ట చేత పట్టుకుని పోయిన జింబాబ్వేవాళ్ళు ఇంటిదారి పడతారు. లింపోపో నది మీద బైట్‌బ్రిడ్జ్ దగ్గర సరిహద్దు దాటాలి. ఆ పల్లపు నేలలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బస్సుల మీద పరుపులు, సైకిళ్ళు, బియ్యం మూటలు, నూనె డబ్బాలు. సొంతంగా రాలేనివాళ్ళ సామాను మోసుకొచ్చే బండ్లవాళ్ళను అక్కడ 'ఒమలయిచ' అంటారు. వాళ్ళ ట్రైలర్ల మీద సరుకు బండికి రెండింతల ఎత్తు ఉంటుంది. దక్షిణాఫ్రికాలో సంపాదించుకుని కొత్త బట్టలతో దిగిన కుర్రాడికి పడమటి జింబాబ్వేలో 'ఇంజీవా' అని పేరు. ఊళ్ళో వాడి నడకే వేరు! బెంగళూరు నుంచి సంక్రాంతికి దిగే మన పిల్లల్ని చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇంటికి చేరాక మేక పడుతుంది. అక్కడి షోనా భాషలో నవంబరు నెల పేరు 'మ్బూజి', అంటే మేక. ఆ నెలలో పెళ్ళిళ్ళు పెట్టుకోరు, పెద్దలకు చేసే క్రతువులు చేయరు. మన ధనుర్మాసం లాంటి కట్టుబాటే. నెల వెళ్ళిందో లేదో వరసగా పండగలు. క్రిస్మస్‌ను వాళ్ళు 'కిసిముసి' అంటారు. గుడికి పోయి రావడం, కొత్త బట్టలు, జామ్ రాసిన బ్రెడ్డు, పాలు పోసిన టీ. వీటన్నిటికన్నా పిల్లలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేది కోడికూరతో అన్నం కోసం.

అవును, అన్నం కోసమే. రోజూ తినేది సాడ్జా, మొక్కజొన్న పిండిని తెడ్డుతో గట్టిగా తిప్పి వండే ముద్ద. వేళ్ళతో తుంచి, ఉండ చేసి, ఆకుకూరలో అద్ది మింగుతారు. అదేమిటో కృష్ణగిరి సీమలో పుట్టినవాడికి విడమరిచి చెప్పాలా? సంగటి తిని పెరిగిన మన పాత తరానికి కూడా వరన్నం పండగనాటి మాటే. ఇంకో ముచ్చట. మొక్కజొన్న ఆఫ్రికాకు అమెరికా నుంచి వచ్చిన పంట. అది రాకముందు సాడ్జా వండింది జొన్నలతో, సజ్జలతో, 'రపోకో'తో. రపోకో అంటే మన రాగులే. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండసీమ. వేల ఏళ్ళ కిందట అక్కడి నుంచి మన మెట్ట చేలకు దిగింది.

ఆ పంట వచ్చిన దిక్కుకే మనవాళ్ళు ఎదురు పోయారు. 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడలెక్కారు. అందులో ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచే. సేలం జిల్లా నుంచి పోయినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. అప్పట్లో కృష్ణగిరి, హోసూరు ఆ జిల్లాలోవే. తెలుగు క్రైస్తవులు అక్కడి చెరకు, తేయాకు తోటల్లో తెలుగులో ప్రార్థన చేసే బోధకుడు లేక నెల్లూరు వైపు చూశారు. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో భార్యాబిడ్డలతో నేటాల్ చేరాడు. ఆ ఏడు క్రిస్మస్ శుక్రవారం పడింది. రెండు రోజులకు ఆదివారం, డిసెంబరు 27న, కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర తెలుగు బాప్తిస్టు సంఘం మొదలైంది. అక్కడ చిమ్మటలను జనం 'క్రిస్మస్ పురుగులు' అంటారు, క్రిస్మస్ వచ్చే ఎండాకాలంలోనే చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి కాబట్టి. ఆ రొదలో తెలుగు కీర్తనలు ఎలా వినిపించాయో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

సంత పలచబడ్డాక ఒక ముసలాయన పక్కన కూర్చుని ఈ జింబాబ్వే కథంతా చెప్పాను. ఆయన బేరం ఇంకా తెగలేదు, మేక తాడు మణికట్టుకు చుట్టుకునే ఉన్నాడు.

"మా నాయన కాలంలో మాకూ అంతేనప్పా. నెలకొక తూరి వరన్నం వండితే పక్కింటోళ్ళు వచ్చి ఏం విశేషమని అడిగేటోళ్ళు" అన్నాడు. కాసేపు నోట్లో వక్క అటూ ఇటూ తిప్పాడు.

"సరే గానీ, ఆ దేశంలో మేకపోతు ఎంతకు పోతా ఉండాది?"

నాకు తెలియదన్నాను. అప్పటికే ఆయన ఎదురుగా వస్తున్న కొనుగోలుదారు చెప్పుల వైపు చూస్తూ లేచి, మేకను ముందుకు లాగి, దాని వెన్ను తట్టాడు.